డెబ్బై దగ్గర గీత

తనూజ అత్తగారు సుబ్బలక్ష్మమ్మ బంగారం లాంటి మనిషి. ఆమెలో ఉన్న లోపం ఒక్కటే, ఇంట్లో జరిగిన ఏ మంచినీ సగానికి మించి బయటికి చెప్పదు.

ఎనుము పూటకు ఆరు లీటర్ల పాలు ఇస్తే మూడంటుంది. ఇరవై మూటల కందులు ఇంటికి చేరితే, ఆ మూటల మీదే కూర్చొని, "పదో పదకొండో నాయనా, సరిగా సూడలే" అంటుంది. మనవరాలు సుప్రజ ఇంటర్లో తొంభై నాలుగు శాతం తెచ్చుకున్న రోజు, వీధిలో అడిగిన వాళ్ళందరికీ "ఏదో, గట్టెక్కిందిలే" అని చెప్పింది. మర్నాడు ఇద్దరు అమ్మలక్కలు వచ్చి ఆ పిల్ల తల నిమిరి, "సప్లిమెంటరీ ఉంటాది, దిగులు పడగాకు" అని ఓదార్చిపోయారు. ఇరవై రెండేళ్ళ కిందట పెళ్ళిచూపులప్పుడు కూడా "మావోడు ఏదో చిన్న అంగడి పెట్టుకోని ఉండాడు" అందట. తనూజ కాపురానికి వచ్చి చూస్తే, అది నందికొట్కూరు బస్టాండు పక్కన మూడు షట్టర్ల విత్తనాల అంగడి. అత్తగారి అబద్ధాల్లో తనకు లాభించింది అదొక్కటేనని తనూజ అంటూ ఉంటుంది, అత్తగారికి వినబడేంత మెల్లగా.

"ఉన్నదున్నట్టు చెబితే ఏమైతాది అత్తా?" అని కొత్తల్లో అడిగింది.

"కండ్లు పడతాయి," అంది సుబ్బలక్ష్మమ్మ. "మంచి అనేది కుండలో పాల మాదిరి. అందరికీ మూత తీసి చూపిస్తాంటే పిల్లి గూడా చూస్తాది."

కర్నూలులో డిగ్రీ దాకా వృక్షశాస్త్రం చదివిన తనూజకు ఈ పిల్లి సిద్ధాంతం మీద నమ్మకం లేదు. ఆమె భర్త ఓబుళేశుకు అసలే లేదు. అన్నం దగ్గర అతను పదేపదే చెప్పి నవ్వే కథ ఒకటుంది. ఒక విత్తనాల కంపెనీ కొత్త కంది రకాన్ని పరీక్షకు పంపితే, దాన్ని ఉరుకుందు అనే రైతు చేలో వేయించాడు. ఎకరాకు పన్నెండు మూటలు కాసింది. కంపెనీవాళ్ళు వచ్చి అడిగితే ఉరుకుందు, ఎందుకైనా మంచిదని, ఆరు అన్నాడు. ఆరు మూటల విత్తనం ఎవరిక్కావాలి? కంపెనీ ఆ రకాన్నే ఎత్తేసింది. మరుసటేడు తొలకరికి ఉరుకుందు అంగట్లోకొచ్చి, "అన్నా, నిరుటి విత్తనమే ఇయ్యి, శానా బాగా కాసింది" అన్నాడు.

ఓబుళేశు ఇక్కడికొచ్చి పొరబోయేదాకా నవ్వుతాడు. సుబ్బలక్ష్మమ్మ మాత్రం నవ్వదు.

"ఆయప్ప చేసిందాంట్లో తప్పేముంది?" అంటుంది.

ఇట్లాంటి ఇంట్లో తనూజకు జబ్బు చేసింది. జబ్బును దాచాల్సిన పని లేదు కాబట్టి అది ఊరంతా తెలిసింది.

ఆరేళ్ళ కిందట చేతివేళ్ళ కణుపులు వాచాయి. తెల్లారి లేస్తే పిడికిలి మూసుకోదు, మూసుకుంటే తెరుచుకోదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఒంట్లో ఉన్న కాపలావాళ్ళే ఇంటివాళ్ళను దొంగలనుకొని కీళ్ళ మీద పడి బాదడమట. వారానికొకసారి వేసుకునే మాత్ర ఇచ్చారు. అది సోమవారం వేసుకుంటే బుధవారం దాకా అన్నం మొహం చూడబుద్ధయ్యేది కాదు. దానికి తోడు ఇంకో రెండు రకాలు చేర్చారు. కొన్నాళ్ళు స్టెరాయిడ్ నడిచింది. నొప్పి పోయింది గానీ మొహం పూరీలా పొంగింది. "ఒళ్ళు చేసినావే, కళగా ఉండావు" అని చుట్టాలు మెచ్చుకుంటే అత్తగారు వెంటనే "యాడ కళ, నీరు పట్టింది" అని సరిదిద్దింది. ఆమె చెప్పినదాంట్లో అదొక్కటే పూర్తి నిజం.

ఆ తర్వాత బయొలాజిక్ అని ఖరీదైన సూది వేశారు. మాత్రల మాదిరి ఒళ్ళంతా తిరగకుండా, ఆ తిక్క కాపలాల్లో ఒకణ్ణి పట్టుకొని కూర్చోబెట్టే మందు. అయిదు నెలలు అద్భుతంగా పనిచేసింది. ఆ సంబరంలోనే డోన్లో చిన్నమామ కూతురి పెళ్ళికి వెళ్ళి, తనూజ పది వేళ్ళూ ఆడించి ఆడించి బంధువులందరికీ చూపించింది. మూడు నెలలు తిరక్కుండా ఆ మందు పట్టు తప్పింది. ఒంట్లో ఆ మందుకే ఎదురుమందు తయారైందని, కొందరిలో అట్లా జరుగుతుందని డాక్టరు చెప్పాడు. సుబ్బలక్ష్మమ్మ రెండే మాటలు చెప్పింది.

"డోన్ పెండ్లి."

పోయిన వేసవిలో డాక్టరు వసంతకుమార్ కొత్త సంగతి చెప్పాడు. వేరే దారిలో పనిచేసే కొత్త సూది ఒకటి పరీక్షల్లో ఉంది. పాత మందులు పనిచేయనివాళ్ళకే ఇస్తారు. రెండు వారాలకొకసారి కర్నూలుకు రావాలి. అయితే కొందరికి అసలు మందు, కొందరికి మందులేని ఉత్త సూది. ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియదు, పేషెంటుకూ తెలియదు.

"మరి ఎవురికి తెలుస్తాది సార్?" అన్నాడు ఓబుళేశు. అంగట్లో ప్రతి డబ్బా మీదా తేదీ చదివిగానీ అమ్మని మనిషి.

"కంప్యూటరుకు."

"దానికి నొప్పుల్లేవు గదా సార్," అంది తనూజ.

అయినా సంతకం పెట్టింది. మెల్లగా వంకరవుతున్న ఉంగరపు వేలుతో ఇంకో ఏడాది గడపడం కన్నా కంప్యూటరును నమ్మడమే మేలనిపించింది.

పరీక్ష పనులన్నీ చూసే అమ్మాయి పేరు నాగలత. డోన్ నుంచి దినాము రైల్లో వచ్చిపోతుంది. ఆమె తనూజ చేతిలో ఒక నీలం అట్ట డైరీ పెట్టింది. ప్రతి పేజీలోనూ సున్నా నుంచి నూరు దాకా అడ్డగీత. సున్నా అంటే నొప్పి లేదు, నూరు అంటే ఓర్చుకోలేను. పొద్దున లేచాక నొప్పి ఎంతుందో ఆ గీత మీద నిలువుగా చిన్న గీత పెట్టాలి. దాని కింద, కీళ్ళు బిగుసుకొని ఎన్ని నిమిషాలు ఉన్నాయో రాయాలి.

"తప్పు రాస్తే చెరపొద్దక్కా. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేయాల. ఇంకోటి, ఎవురినీ అడిగి రాయొద్దు. మీకు ఎట్లుంటే అట్ల."

"మా అత్తను అడిగితే సగం తగ్గినా తగ్గలేదంటాది," అంది తనూజ. నాగలతకు అర్థం కాలేదు.

మొదటి అయిదు వారాలూ గీత డెబ్బై దగ్గరే పడింది. నిమిషాలు తొంభై. అదంతా నిజమే. కానీ తనూజకు కాలు నిలిచేది కాదు. మందా, ఉత్త సూదా? ఎవరినీ అడగడానికి లేదు కాబట్టి ఇంట్లో వస్తువులను అడగడం మొదలుపెట్టింది. పాల ప్యాకెట్టును వేళ్ళతో చించి చూసేది. చింతతొక్కు జాడీ మూత తిప్పి చూసేది. జాకెట్టు హుక్కులు పెట్టి తీసి, తీసి పెట్టేది. వంటింట్లోంచి పడమటింట్లోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి, మళ్ళీ జాడీ దగ్గరికి. "దయ్యం పట్టినట్టు ఆ జాడీ సుట్టూ తిరుగుతాండావేం మే?" అని సుబ్బలక్ష్మమ్మ విసుక్కుంది.

ఆరోవారంలో ఒకరోజు జొన్నపిండి కలిపిపెట్టి అత్తగారు తలకు పోసుకోవడానికి వెళ్ళింది. తనూజ ఊరికే పిండి ముద్దను వేలితో నొక్కింది. నొక్కితే నొప్పి లేదు. ముద్ద తీసి పీట మీద పెట్టి అరచేత్తో ఒకటి తట్టింది. ఇంకోటి తట్టింది. జొన్నరొట్టె తట్టడమంటే కీళ్ళ జబ్బు మనిషికి బండరాయి మీద చెయ్యి బాదుకోవడమే. ఏళ్ళుగా ఆ ఇంట్లో కోడలు తట్టిన రొట్టె లేదు. రొట్టె తిరిగింది, పలచబడింది, అంచు విరగలేదు. తప్ తప్ తప్ మని ఆ చప్పుడు కిటికీలోంచి వీధిలోకి పోయింది.

సుబ్బలక్ష్మమ్మ తడి తలతో పరిగెత్తుకొచ్చింది. గడపలో ఆగి కోడలి చేతులను చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం తనూజ స్పష్టంగా చూసింది. ఆ నీళ్ళు జారకముందే సుబ్బలక్ష్మమ్మ కిటికీ రెక్క మూసింది.

"మెల్లగా తట్టు! ఊరంతా వింటాండాది."

"రొట్టెను మెల్లగా ఎట్ల తట్టేది అత్తా?"

అప్పటికే ఆలస్యమైంది. ఎదురింటి లక్ష్మన్న పెండ్లాం "ఏమక్కో, ఈ పొద్దు రొట్టెలా?" అంటూ లోపలికి వస్తోంది. సుబ్బలక్ష్మమ్మ ఒక్క అంగలో కోడల్ని పక్కకు నెట్టి, తలమీంచి నీళ్ళు కారుతుండగా పీట ముందు కూర్చొని, తయారైన రొట్టె మీదే ఇంకో నాలుగు దెబ్బలు వేసింది. అది రెండు ముక్కలైంది.

"తలకు పోసుకుంటా మధ్యలో వచ్చి రొట్టెలు తడతాండావా అక్కా?" అంది లక్ష్మన్న పెండ్లాం.

"ఆకలైంది," అంది సుబ్బలక్ష్మమ్మ.

"తనూజకు ఎట్లుండాది?"

"ఏదో, అట్ల ఉండాది."

తనూజ పిండి చేతులు కొంగు కింద దాచుకొని, మొహం వీలైనంత దీనంగా పెట్టింది. నవ్వు ఆపుకోవడానికి పడిన పాట్లు చూసి లక్ష్మన్న పెండ్లాం, పాపం నొప్పి కాబోలనుకొని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున తనూజ డైరీ తెరిచింది. ఒంట్లో లెక్క ప్రకారం ముప్పై. నిమిషాలు, పది. పెన్ను ముప్పై మీదికి పోయి, అక్కడ ఆగింది.

దిష్టి మీద ఆమెకు నమ్మకం లేదు. డోన్ పెళ్ళిలో పట్టు తప్పిన మందుకు కారణం ఎదురుమందు, బంధువుల కళ్ళు కాదు. అదంతా తెలుసు. కానీ కళ్ళ ముందు ఆ పెళ్ళిపందిట్లో ఆడిన పది వేళ్ళూ కనబడ్డాయి. ఈ డైరీ ఎందరు చూస్తారో. నాగలత, డాక్టరు, ఆ పైన కంపెనీ, ఇంకా పైన ఏ దేశంలో ఎవరో. నమ్మకం లేదు సరే, రాయకపోతే పోయేదేముంది? ఇంకో వారం చూసి, నిలిస్తే రాద్దాం.

వెనక సుబ్బలక్ష్మమ్మ నిలబడి ఉంది. "డెబ్బై మీదే పెట్టు. ఆడ్నే ఉండనీ," అంది.

తనూజ డెబ్బై మీద పెట్టింది. ఆ ఇంకో వారం తర్వాత ఇంకో వారం వచ్చింది. గీత డెబ్బై దగ్గరే ఉండిపోయింది. పొద్దున గీత పెట్టడం, కిటికీ మూసి రొట్టెలు తట్టడం ఆ ఇంటి ఆచారమైపోయింది. ఎండాకాలంలో కిటికీలు మూసుకున్న వంటింట్లో అత్తాకోడళ్ళు చెమటలు కక్కుతూ దొంగసారా కాచినట్టు రొట్టెలు కాల్చుకున్నారు.

పన్నెండో వారం డాక్టరు కీలుకీలునూ నొక్కి "నొప్పా?" అని అడుగుతూ వచ్చాడు. డెబ్బై మనిషి లేదనకూడదు కాబట్టి తనూజ అన్నిటికీ "ఊఁ" అంది. డాక్టరు ఆగి ఆమె మణికట్టును తిప్పి చూశాడు.

"వాపు చాలా తగ్గింది. నొప్పి కొంచెం కూడా తగ్గలేదా?"

"ఏదో సార్, అట్ల ఉండాది," అంది తనూజ. అన్న తర్వాత ఉలిక్కిపడింది. నోరు తనదే, గొంతు అత్తగారిది.

పద్నాలుగో వారం ఆసుపత్రి వరండా బెంచీ మీద ఈరక్క కలిసింది. ఆదోని అవతల పల్లె. పత్తి ఏరే మనిషి. ఇదే పరీక్షలో ఇద్దరూ ఒకే వారం చేరారు. చేతులు చూసుకుంటే అక్కాచెల్లెళ్ళ చేతుల్లా ఒకే తీరున వంగి ఉండేవి. ఈరక్క నీళ్ళ సీసా మూత తీయలేక పళ్ళతో కొరుకుతోంది. తనూజ ఏదో మాట్లాడుతూనే సీసా అందుకొని మూత తిప్పి ఇచ్చింది.

ఈరక్క నీళ్ళు తాగలేదు. సీసానూ, తనూజ చేతినీ మార్చిమార్చి చూసింది.

"అక్కా, నీకు గుణమైనాది."

"లేదు ఈరక్కా. మూత లూజుగా ఉండాది."

"నా చేతికి లూజు గాలేదే." ఈరక్క మొహంలో అసూయ కనబడుతుందేమోనని తనూజ చూసింది. కనబడింది వేరే ఏదో. "నిజం సెప్పక్కా. నాకు ఉత్త సూదే పడినట్టుండాది, రవ్వంత గూడా తేడా లేదు. పోనీ. ఎవురికన్నా గుణమైనాదని తేలితే ఆ మందు బయటికొస్తాదంట, అప్పుడు మనట్లాంటోళ్ళకూ ఇస్తారంట. డాక్టరప్ప సెప్పినాడు. అందుకే వచ్చినప్పుడల్లా ఈడ అందరి సేతులూ సూస్తాండా. ఒక్కరిదన్నా బాగైనాదేమో అని."

తనూజ "సూద్దాంలే" అని లేచి, ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచింది.

లోపల నాగలత డైరీ తిరగేసి పెదవి విరిచింది. "అక్కా, వచ్చేది పదహారో వారం. అప్పటికి ఇరవై శాతమన్నా మేలు లేకుంటే, ఈ సూది మీకు పనిచేయలేదని రాసి ఆపేస్తారు. మళ్ళీ పాత మాత్రలే. ముందే చెప్పినాం కదా, కాగితంలో ఉంది."

కాగితంలో ఉంది. ఇరవై రెండు పేజీల కాగితంలో పదిహేడో పేజీ. తనూజ సంతకం కూడా ఉంది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. సంగతి విని సుబ్బలక్ష్మమ్మ బేరం మొదలుపెట్టింది.

"రేపట్నుంచి దినానికి మూడు తగ్గించు. పద్నాలుగు దినాలకు నలభై రెండు తగ్గుతాది."

"కూరగాయల బేరమా అత్తా? నొప్పి అట్ల మెట్లు దిగినట్టు దిగుతాదా?"

"ఒకనాడు అయిదు, ఒకనాడు రెండు దించు. ఎవురికి తెలుస్తాది?"

తనూజకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వారమంతా ఒకచోట కూర్చోలేకపోయింది. అల్మారాలు సర్దింది, సర్దినవి మళ్ళీ దించింది. పెరట్లో కరివేపాకు చెట్టుకు నాలుగుసార్లు నీళ్ళు పోసింది. బాగుపడిన చేతులు ఎంత పని చేసినా నొప్పి పుట్టడం లేదు, అదే ఆమెను ఇంకా భయపెట్టింది. ఇవే చేతులు రెండు నెలల్లో మళ్ళీ పాల ప్యాకెట్టు ముందు ఓడిపోతాయి. ఒకసారి పోగొట్టుకుంటే పోగొట్టుకోనీ, రెండుసార్లు తన చేతులతో తానే పోగొట్టుకుంటే?

డైరీ మాత్రం ముట్టుకోలేదు. అబద్ధం కొనసాగించడానికి చెయ్యి రాలేదు, నిజం రాయడానికి మొహం చెల్లలేదు. ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఆ ఖాళీ పేజీలను చూసి ఓబుళేశు వెనక్కి తిప్పాడు. డెబ్బై, డెబ్బై, డెబ్బై. తలుపులో నిలబడి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె అతని తడిచొక్కాను మెలితిప్పి పిండుతోంది.

"ఇదేంది తనూజా? నాకు తెలియకుండా ఈ డెబ్బై ఎవురిది?"

చెప్పింది. మొత్తం చెప్పింది. రొట్టెలు, కిటికీ, డోన్ పెళ్ళి. అత్తగారు పప్పు ఏరుతూ తల ఎత్తలేదు. అతను అరుస్తాడనుకుంది తనూజ. అరవలేదు. డైరీ మూసి అరుగు మీద పెట్టి, ఒకే మాట అన్నాడు.

"ఉరుకుందు."

ఈసారి నవ్వలేదు. పప్పు ఏరుతున్న చేయి ఆగింది.

పదహారో వారం బస్సెక్కేటప్పుడు సుబ్బలక్ష్మమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఈ ఎండలో?" అన్నాడు, బస్సెక్కించడానికి వచ్చిన ఓబుళేశు.

"ఊరికే," అంది. దారంతా కొంగు కొసను చుట్టడం, విప్పడం. కర్నూలు వచ్చేసరికి ఆ కొస నలిగి ఒత్తిలా తయారైంది.

గదిలో డాక్టరు వసంతకుమార్ తనూజ భుజం దగ్గర మొదలుపెట్టాడు. "నొప్పా?"

"లేదు సార్."

మోచేయి. "లేదు." మణికట్టు. "లేదు." కణుపులు ఒకటొకటిగా. "లేదు. లేదు. ఇక్కడ కొంచెం. లేదు." నాగలత రాస్తున్న పెన్ను ఆగింది. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పోయిన నెల ఇరవై నాలుగు కీళ్ళూ నొప్పన్నారు."

తనూజ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. తగ్గిందని, ఆరోవారం నుంచే తగ్గిందని, చెబితే పోతుందేమోనని భయపడి దాచానని. చెబుతుంటే తన మాటలు తనకే పిచ్చిగా వినబడ్డాయి. "ఆ పాత పేజీలు దిద్దమంటే దిద్దుతా సార్. ఒక్క గీతతో కొట్టేసి, సంతకం పెట్టి."

"రెండు నెలల కిందటి నొప్పిని ఇవాళ గుర్తు తెచ్చుకొని రాస్తే అది డైరీ కాదమ్మా, కథ." డాక్టరు గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నా ఇబ్బంది చెప్తా వినండి. సూది ఆగిపోతుందని తెలిసి, లేని మేలు ఉందని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. డైరీ అబద్ధమా, ఇవాళ్టి మాట అబద్ధమా, నేనెట్లా తేల్చాలి? వాపు తగ్గింది, అది నా కంటికి కనబడుతోంది. అదొక్కటే చాలదు. మిమ్మల్ని దినాము ఇంట్లో చూసేవాళ్ళు ఎవరైనా వచ్చారా?"

తనూజ తలుపు వైపు చూసింది. "మా ఆయన అంగట్లో ఉంటాడు సార్ పొద్దంతా. ఇంట్లో చూసేది మా అత్త."

చెప్పాక తట్టింది. ఈ భూమ్మీద ఇంత మంది ఉండగా, తన చేతుల సంగతి చెప్పాల్సింది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ మంచినీ నిండుగా చెప్పి ఎరుగని మనిషి.

సుబ్బలక్ష్మమ్మ లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ఈరక్క, ఆమె పక్కన ఇంకో పది మంది. అంతమంది కళ్ళు, అంతమంది చెవులు.

"అమ్మా, మీ కోడలికి ఎట్లుంది?" అన్నాడు డాక్టరు.

"ఏదో..." అంది సుబ్బలక్ష్మమ్మ.

తనూజ కళ్ళు మూసుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ మాట తర్వాతి మాట రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే అత్తగారు డాక్టరును చూడటం లేదు. తెరిచిన తలుపులోంచి, ఒళ్ళో వంకర వేళ్ళు పెట్టుకొని కూర్చున్న ఈరక్కను చూస్తోంది. ఈరక్క కూడా ఆమె నోటివైపే చూస్తోంది.

"గుణమైనాది," అంది సుబ్బలక్ష్మమ్మ. అంత గట్టిగా ఆమె మాట్లాడగా తనూజ ఎప్పుడూ వినలేదు. వరండాలో ఎవరో తల తిప్పారు. "శానా గుణమైనాది సార్. గ్లాసు గూడా ఎత్తలేని పిల్ల. ఇప్పుడు దినాము ఎనిమిది రొట్టెలు తడతాంది. చొక్కాలు పిండుతాంది. నిన్న నాకు తల దువ్వి జడేసింది."

తనూజ మనసులో రొట్టెలు ఎంచుకుంది. ఎనిమిదే. నాలుగు కాదు.

డాక్టరు కాసేపు ఆ ముసలామె మొహం చూసి, తనూజ పిడికిలి మూయించి తెరిపించి చూసి, మళ్ళీ మొదటి నుంచి కీళ్ళన్నీ నొక్కాడు. అయ్యాక నాగలత వైపు తిరిగాడు. "ఇవాళ్టి పరీక్షే లెక్క. ఇరవై శాతం ఎప్పుడో దాటింది. సూది తెప్పించు." బయట బెంచీ మీద ఈరక్క తొడ చరిచిన చప్పుడు వినబడింది. "కానీ డైరీకీ దీనికీ పొంతన ఎందుకు లేదో నేను పైకి రాసి పంపాలి. కారణం ఏమని రాయాలమ్మా?"

"నేనే సార్, గీతలు పెట్టింది నేనే," అని తనూజ అనబోయింది.

"నువ్వుండు మే." సుబ్బలక్ష్మమ్మ ఒత్తిలా నలిగిన కొంగును వదిలేసి, డాక్టరు టేబులు మీద రెండు చేతులూ ఆనించింది. "పెట్టింది అదే. పెట్టమన్నది నేను. కండ్లు పడతాయని భయపెట్టినా. ఎవురి కండ్లూ పడలేదు సార్, నా నోరే పడింది. రాసుకోండి, తప్పు నాది."

నాగలత రాసుకుంటుంటే, సుబ్బలక్ష్మమ్మ ఆమె భుజం మీదుగా వంగి ఆ కాగితాన్ని చూసింది. చదవడం సరిగా రాకపోయినా వేలు పెట్టి చూపించింది.

"సగం గాదు పాపా. మొత్తం నాదే అని రాయి."